మన జట్టు ఓడిన రాత్రి ఏం చేయాలి, గెలిచిన రాత్రి ఏం చేయకూడదు

2023 నవంబరు 19, కార్తీక మాసంలో మొదటి ఆదివారం. ఊరి చివర మామిడి తోటలో మా బంధువులందరం వనభోజనాలకు చేరాం. పూజ అయింది. పులిహోర, పనసపొట్టు కూర విస్తళ్ళలోకి వచ్చాయి. షామియానా వేసినవాళ్ళే ఒక పెద్ద టీవీ కూడా అద్దెకు తెచ్చి, రెండు బల్లలు కలిపి దాని మీద నిలబెట్టారు. క్రికెట్ ప్రపంచ కప్‌లో వరుసగా పది మ్యాచ్‌లు గెలిచి అహ్మదాబాద్ ఫైనల్‌కు వచ్చిన జట్టు మనది. వారం కిందట దీపావళికి కాల్చకుండా దాచిన టపాకాయల పెట్టె మా మావయ్య కారు డిక్కీలో సిద్ధంగా ఉంది. మనవాళ్ళు 240కే ఆగిపోయినా ఎవరూ పెద్దగా కంగారు పడలేదు. రాత్రి తొమ్మిది దాటాక ట్రావిస్ హెడ్ 137 దగ్గర ఔటయ్యాడు. అప్పటికి ఆస్ట్రేలియాకు కావలసినవి రెండే పరుగులు. ఆ వికెట్‌కు చప్పట్లు కొట్టింది ఆరేళ్ళ మా అన్నయ్య కూతురు ఒక్కతే.

చాపలు చుడుతూ మా పెద్దమ్మ "ఆటే కదరా" అంది. ఆ ఒక్క మాటకు ఆ రాత్రి ఆవిడతో మాట్లాడలేదు. మర్నాడు కార్తీక సోమవారం. ఇంట్లో అందరూ భక్తితో ఉపవాసం ఉన్నారు, నేను ఆకలి లేక ఉన్నాను.

ఇరవై ఏళ్ళకు పైగా ఇదే బతుకు కాబట్టి, ఇలాంటి రాత్రులు దాటడానికి నేను కనిపెట్టిన, అరువు తెచ్చుకున్న ఉపాయాలు కింద రాస్తున్నాను. అభిమానం తగ్గించుకోమని మాత్రం చెప్పను. ఒకసారి ప్రయత్నించాను. 2007 మార్చిలో బంగ్లాదేశ్ చేతిలో, తర్వాత శ్రీలంక చేతిలో ఓడి ప్రపంచ కప్ మొదటి దశలోనే ఇంటికి వచ్చేసినప్పుడు ఇక క్రికెట్ చూడనని అమ్మ మీద ఒట్టు వేశాను. ఆరు నెలలు నిలబడ్డాను. సెప్టెంబరు 24న జోహన్నెస్‌బర్గ్‌లో పాకిస్తాన్‌తో టీ20 ప్రపంచ కప్ ఫైనల్, చివరి ఓవర్ జోగిందర్ శర్మ వేస్తున్నాడని వీధిలో ఎవరో అరిస్తే, పక్కింటి కిటికీ చువ్వలు పట్టుకుని ఆ ఓవర్ చూశాను. మిస్బా కొట్టిన బంతి శ్రీశాంత్ చేతుల్లో పడింది, నా ఒట్టు గట్టున పడింది. అమ్మ క్షేమంగానే ఉంది.

1. ముందు మీ జబ్బు ఏ దశలో ఉందో తేల్చుకోండి

పరీక్ష సులువు. నిన్నటి మ్యాచ్ గురించి ఎవరైనా అడిగితే మీ నోటి నుంచి వచ్చే వాక్యం గమనించండి. గెలిస్తే "మనం గెలిచాం", ఓడితే "వాళ్ళు ఓడిపోయారు" అంటున్నారా? అయితే మీరు మామూలు అభిమాని. ఇది మన దగ్గరే పుట్టిన బుద్ధి కాదు. రాబర్ట్ చియాల్డీని అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1976లోనే విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో దీన్ని పట్టుకున్నారు. తమ ఫుట్‌బాల్ జట్టు గెలిచాక వచ్చే సోమవారం విశ్వవిద్యాలయం పేరున్న చొక్కాలు ఎక్కువగా కనిపించేవట.

ఓడినా "మనం ఓడిపోయాం" అనేవారు రెండో రకం. ఈ వ్యాసం వాళ్ళ కోసం. అన్నం మానేసేది, పిల్లల మీద విసుక్కునేది, రాత్రి రెండింటికి ఇంటి పైకప్పు వైపు చూస్తూ "ఆ ఓవర్ అతనికి ఎందుకు ఇచ్చాడు" అనుకునేది వాళ్ళే.

ఇదే చోట ఇంకో లెక్క కూడా చూసుకోండి. ఎన్ని జట్లను మోస్తున్నారు? రెండు చాలు. దేశం ఒకటి, మన ఊరిది ఒకటి. ప్రతి లీగ్‌లో ఒక జట్టు, ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఒకటి, కబడ్డీలో ఒకటి అని పెట్టుకుంటే ఏడాదిలో ఏడవని వారం ఉండదు. అసలు హైదరాబాద్ జట్టు అభిమానికి ఆ ఒక్కటే ఎక్కువ. దక్కన్ ఛార్జర్స్ 2008 ఐపీఎల్‌లో పద్నాలుగు మ్యాచ్‌లలో రెండు గెలిచి అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడాదే గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో కప్పు తెచ్చింది. 2012 తర్వాత ఆ జట్టే లేదు. సన్‌రైజర్స్ వచ్చి 2016లో గెలిచింది, 2021లో ఆఖరి స్థానంలోకి జారింది. 2024 ఏప్రిల్ 15న బెంగళూరు మీద 287 కొట్టింది. నలభై రోజులు తిరిగేసరికి చెన్నైలో ఫైనల్‌లో 113కే కుప్పకూలింది. ఇన్ని మలుపులు ఒక జట్టుతోనే దొరుకుతుంటే మరో నాలుగు ఎందుకు?

2. ముందు రోజే ఇంట్లో ఒప్పందం చేసుకోండి

పెద్ద మ్యాచ్ ఉన్న రోజున కొత్త గొడవ పుట్టేది ఆట వల్ల కాదు, ఆ సమయంలో వచ్చే గ్యాస్ సిలిండరు వల్ల, పెళ్ళి పిలుపుల వల్ల, "ఒక్కసారి మెట్ల మీద బల్బు మార్చు" అన్న మాట వల్ల. కాబట్టి ముందు రోజు సాయంత్రమే మీ భార్యకో, భర్తకో, అమ్మకో స్పష్టంగా చెప్పండి: ఎన్ని గంటలకు మొదలు, ఎన్ని గంటలకు ముగింపు, మధ్య విరామం ఎప్పుడు. ఆ విరామంలో ఏ పని చెప్పినా చేస్తానని మాట ఇవ్వండి. చేయండి కూడా. నలభై నిమిషాల్లో కూరగాయలు తేవచ్చు, అంట్లు తోమవచ్చు, బల్బు మార్చవచ్చు. ఇలా చేసిన రోజున ఓడినా ఇంట్లో మీకు ఒక గ్లాసు మజ్జిగైనా దొరుకుతుంది.

రెండో ఏర్పాటు ప్రసారం. ఫోనులోనో, ఇంటర్నెట్ ద్వారా టీవీలోనో చూస్తే ఆట కేబుల్ కంటే కొన్ని సెకన్లు, ఒక్కోసారి అర నిమిషం దాకా వెనకబడి నడుస్తుంది. మీ తెరమీద బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టకముందే పక్క అపార్ట్‌మెంట్ నుంచి "అబ్బా!" అని వినిపిస్తుంది. ఆ "అబ్బా" వికెట్ పోయినందుకా, క్యాచ్ జారినందుకా అని ఇరవై సెకన్ల పాటు ఊపిరి బిగబట్టడం కంటే నరకం లేదు. కిటికీలు మూసేయండి, లేదా ఆ అరిచేవారింటికే వెళ్ళిపోండి. నేను రెండోదే చేస్తాను. ఫోనులో స్కోరు చెప్పే గంటలన్నీ ఆపేయండి. విదేశాల్లో ఉండే బావకు "నేను చెప్పేదాకా సందేశం పెట్టవద్దు" అని ముందే చెప్పండి. ఆయన వినడు. ఆయన్ను కూడా ఆపేయండి.

మూడోది వేళాకోళం కాదు. ఇంట్లో గుండె జబ్బు ఉన్నవారుంటే మాత్రలు వేళకు పడేలా చూడండి. 2006 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో జర్మనీ ఆడిన రోజుల్లో మ్యూనిక్ ప్రాంతంలో గుండె అత్యవసర కేసులు మామూలు రోజుల కంటే రెండున్నర రెట్లు దాటాయని అక్కడి వైద్యులు 2008లో ప్రచురించారు. చివరి ఓవర్లో మా నాన్న లేచి వంటగదిలోకి వెళ్ళి నిలబడి మంచినీళ్ళు తాగుతుంటే ఒకప్పుడు నవ్వేవాణ్ణి. ఇప్పుడు నేనే గ్లాసు అందిస్తున్నాను.

3. సెంటిమెంట్లకు హద్దు గీయండి

మా ఇంట్లో ఒక చేతి పిడి విరిగిన నీలం ప్లాస్టిక్ కుర్చీ ఉంది. 2011 ఏప్రిల్ 2న వాంఖడేలో ప్రపంచ కప్ ఫైనల్లో కులశేఖర బంతిని ధోని స్టాండ్స్‌లోకి పంపినప్పుడు నేను దానిలోనే ఉన్నాను. అప్పటి నుంచి అది నాది. మూడు ఇళ్ళు మారాం, సోఫా రెండుసార్లు మారింది, ఆ కుర్చీ మాత్రం లారీలో నా పక్కనే కూర్చుని వచ్చింది.

సెంటిమెంటు వదిలేయమంటే ఎవరూ వదలరు. అందుకే నా సూత్రం ఒకటే: మీ సెంటిమెంటు భారం మీ ఒంటి మీదే పడాలి, ఇంకొకరి మీద పడకూడదు. మీరు కదలకుండా కూర్చోండి, తప్పు లేదు. బాత్‌రూమ్‌కు వెళ్ళిన చుట్టాన్ని "నువ్వు లేచావు, వికెట్ పడింది" అనవద్దు. ఇంటికి వచ్చిన మరదలిని ఐరన్ లెగ్ అనడం అంతకన్నా తప్పు. అలాంటి మాటలు స్కోరు కార్డు కంటే ఎక్కువ కాలం గుర్తుంటాయి. ఉతకని జెర్సీ విషయంలో మాత్రం ఇంటి ఇల్లాలిదే తుది నిర్ణయం.

4. మధ్యలో టీవీ కట్టేయవద్దు, లేచి నడవండి

ఓటమి ఖాయమనిపించినప్పుడు చెయ్యి రిమోట్ మీదికి పోతుంది. ఆపుకోండి. 2001 మార్చిలో కోల్‌కతా టెస్టులో ఆస్ట్రేలియా మీద 171కే ఆలౌటై, ఫాలో ఆన్ అంటే వెంటనే మళ్ళీ బ్యాటింగ్‌కు దిగిన మన జట్టును చూసి టీవీ కట్టేసినవారు ఎందరో. నాలుగో రోజంతా మన హైదరాబాద్ లక్ష్మణ్, ద్రవిడ్ ఒక్క వికెట్ ఇవ్వకుండా ఆడారు. లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180. చివరికి 171 పరుగుల తేడాతో మనదే గెలుపు. ఆ రోజు చూడనివారు ఈ రోజుకీ చూశామనే చెబుతారు, పాపం.

మా బావగారు మాత్రం నిజాయితీపరుడు. 2024 జూన్ 29 రాత్రి బార్బడోస్‌లో టీ20 ప్రపంచ కప్ ఫైనల్, దక్షిణాఫ్రికాకు 30 బంతుల్లో 30 పరుగులు కావాలి, చేతిలో ఆరు వికెట్లున్నాయి, క్లాసెన్ ఊపు మీద ఉన్నాడు. "ఇక నా వల్ల కాదు" అని ఆయన దుప్పటి కప్పుకున్నాడు. తర్వాతి నాలుగు ఓవర్లలో బుమ్రా, హార్దిక్, అర్ష్‌దీప్ కలిసి ఇచ్చింది పద్నాలుగు. చివరి ఓవర్ మొదటి బంతికి సూర్యకుమార్ తాడు అంచున గాలిలోకి బంతి విసిరి, బయట అడుగుపెట్టి, మళ్ళీ లోపలికి వచ్చి మిల్లర్ క్యాచ్ పట్టాడు. ఏడు పరుగుల గెలుపు. వీధిలో టపాకాయల మోతకు మా బావ లేచి, దొంగలు పడ్డారేమోనని కర్ర పట్టుకుని బయటికి వచ్చాడు. ఈ సంగతి ఏ శుభకార్యంలో కలిసినా ఆయనకు గుర్తు చేస్తాం.

కాబట్టి తట్టుకోలేకపోతే లేచి డాబా మీదికి వెళ్ళండి. మూడు ఓవర్లు నడవండి. మొక్కలకు నీళ్ళు పోయండి. కానీ టీవీ మోగుతూనే ఉండాలి, తలుపు తెరిచే ఉండాలి.

5. ఓడిన తర్వాత మొదటి రెండు గంటలు

ఇక్కడ తొందరపడితే ఏళ్ళ తరబడి చింతించాలి. వరుసగా చేయవలసినవి చెబుతాను.

బహుమతుల కార్యక్రమం చూడవద్దు. ఎదుటి జట్టు కప్పు ఎత్తడం చూసి మీరు పొందేది ఏమీ లేదు. టీవీ ఆపి స్నానం చేయండి, వేసవి అయితే చన్నీళ్ళు. తర్వాత ఏదైనా తినండి. ఆకలి లేదనిపిస్తుంది, అది అబద్ధం. నాలుగు ముద్దల పెరుగన్నం, ఆవకాయ ముక్క. నా అనుభవంలో దీనికి మించిన మందు లేదు. పొట్ట ఖాళీగా ఉంటే ఓటమి రెండింతలు కనిపిస్తుంది.

ఒక్కరికి ఫోను చేయండి. ఒక్కరికే. మీతో పాటు ఓడిన మనిషి అయి ఉండాలి. నాకు డిగ్రీ రోజుల స్నేహితుడు ఒకడున్నాడు. 2003 మార్చి 23న ప్రపంచ కప్ ఫైనల్లో ఆస్ట్రేలియా పాంటింగ్ 140 కొట్టిన రోజు హాస్టల్ టీవీ గదిలో పక్కపక్కన కూర్చున్నాం. సచిన్ నాలుగు పరుగులకే మెక్‌గ్రాత్‌కు తిరుగు క్యాచ్ ఇచ్చాక వాడు నా మోచెయ్యి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఇప్పుడు ఎక్కడో ఉద్యోగంలో ఉన్నాడు. ఓడిన రాత్రి ఫోను చేస్తే "ఊఁ" అంటాడు, నేను "ఊఁ" అంటాను. రెండు నిమిషాల తర్వాత వాడు "పిల్లలు బాగున్నారా" అని అడుగుతాడు. అంతటితో సగం బరువు దిగుతుంది.

ఇక ముఖ్యమైనది. ఆ రాత్రి ఏ ఆటగాడి గురించీ బహిరంగంగా ఒక్క అక్షరం రాయవద్దు. చేతులు దురద పెడితే కాగితం మీద రాసి తలగడ కింద పెట్టుకోండి. ఎందుకో మన హైదరాబాద్ బౌలర్ సిరాజ్ కథ చెబుతుంది.

2025 జులై 14, లార్డ్స్‌లో ఇంగ్లండ్‌తో టెస్టు. 193 పరుగుల లక్ష్యం. పదో వికెట్‌గా వచ్చిన సిరాజ్ ముప్ఫై బంతులు కాచాడు. బషీర్ వేసిన బంతిని బ్యాటు మధ్యలోనే ఆపాడు. అది కింద పడి మెల్లగా దొర్లుకుంటూ వెనక్కి పోయి వికెట్‌ను తాకింది. 22 పరుగుల తేడాతో ఓటమి. సిరాజ్ అక్కడే కూలబడిపోయాడు. మూడు వారాలకు ఓవల్‌లో చివరి టెస్టు. ఆదివారం హ్యారీ బ్రూక్ 19 మీద ఉండగా కొట్టిన బంతిని బౌండరీ దగ్గర పట్టాడు, పట్టి వెనక్కి అడుగు వేసి తాడు తొక్కాడు. బ్రూక్ 111 చేశాడు. ఆ సాయంత్రం మన ఊరి కుర్రాడి గురించి మనవాళ్ళే అన్న మాటలు ఇక్కడ రాయడం ఇష్టం లేదు. నేనూ రెండు అన్నాను, ఇంట్లోనే కాబట్టి బతికిపోయాను. మర్నాడు సోమవారం ఇంగ్లండ్‌కు 35 పరుగులు, మనకు నాలుగు వికెట్లు కావాలి. గంట గడిచేసరికి అదే సిరాజ్ అట్కిన్సన్ వికెట్ ఎగరగొట్టాడు. ఆరు పరుగుల గెలుపు, ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు, సిరీస్‌లో మొత్తం 23. ఆదివారం తిట్లు రాసినవారు సోమవారం వాటిని చెరిపేయడానికి పడిన పాట్లు చూసి జాలేసింది.

అర్ష్‌దీప్ సంగతీ అంతే. 2022 ఆసియా కప్‌లో పాకిస్తాన్ మీద ఒక క్యాచ్ వదిలినందుకు ఆ అబ్బాయిని ఎంత హీనంగా తిట్టారో. పైన చెప్పిన బార్బడోస్ ఫైనల్‌లో పందొమ్మిదో ఓవర్ వేసి నాలుగే పరుగులు ఇచ్చింది అతనే.

6. మర్నాటి ఉదయం

స్కోరు కార్డు ఒక్కసారి, మొదటి నుంచి చివరి దాకా చదవండి. ఒక్కసారి మాత్రమే. ఓడింది ఎందుకో ఒక్క వాక్యంలో మీకు మీరు చెప్పుకోండి. ఆ వాక్యంలో ఎదుటి జట్టు కర్త అయితే మీరు కోలుకుంటున్నట్టు. "గప్టిల్ అంత దూరం నుంచి నేరుగా వికెట్‌కు కొట్టాడు" అన్నది 2019 ప్రపంచ కప్‌లో న్యూజిలాండ్ చేతిలో ఓడిన సెమీఫైనల్‌కు సరైన వాక్యం. "ధోని ఇంకో అంగుళం దూకి ఉంటే" అన్నది కాదు. రెండో రకం వాక్యంతో నేను ఏడాదిన్నర గడిపాను.

ఆఫీసులో ఎవరైనా గుచ్చితే నవ్వి "బాగా ఆడారు" అని టీ తాగడానికి వెళ్ళిపోండి. వారి దగ్గర అంతకు మించి సరుకు ఉండదు.

7. ఒక నోటు పుస్తకం పెట్టండి

నా అసలు సలహా ఇదే, మిగతావన్నీ దీనికి ముందు మాటలు. ఓటములు మనకు బంతి బంతికీ గుర్తుంటాయి. 2003 ఫైనల్లో జహీర్ మొదటి ఓవర్ ఎన్ని నోబాల్స్, వైడ్లతో సాగిందో ఇప్పుడు అడిగినా చేతులతో చూపిస్తాం. గెలుపులు మాత్రం టపాకాయల పొగలో కలిసిపోతాయి. మర్నాటికే తర్వాతి మ్యాచ్ గురించి దిగులు మొదలు. ఓటమిని దాచిపెట్టే పని మెదడే చేసుకుంటుంది. సంతోషాన్ని దాచిపెట్టే పని మనమే చేయాలి.

ఇరవై రూపాయల పుస్తకం చాలు. ప్రతి మ్యాచ్ తర్వాత మూడు లైన్లు: తేదీ, ఎవరితో కలిసి చూశారు, మిమ్మల్ని లేచి నిలబడేలా చేసిన ఒక్క క్షణం. ఫలితం రాయడం తప్పనిసరి కాదు.

నా పుస్తకంలో 2024 డిసెంబరు 28 పేజీ చూడండి. ఆస్ట్రేలియాతో మెల్‌బోర్న్ టెస్టు. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద ఉండగా బుమ్రా డకౌటయ్యాడు. చివరి వికెట్‌గా సిరాజ్ వచ్చి కమిన్స్ వేసిన మూడు బంతులు కాచాడు. తర్వాతి ఓవర్లో నితీశ్ బోలండ్‌ను నేరుగా ఫోర్ కొట్టి, మోకాలి మీద కూర్చుని, బ్యాటు నేలకు ఆన్చి దాని మీద హెల్మెట్ పెట్టాడు. స్టాండ్స్‌లో కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్న తండ్రి ముత్యాల రెడ్డి చేతులు జోడించి ఏడుస్తున్నాడు. నా మూడు లైన్లు: "శనివారం. అమ్మ, నేను. సిరాజ్ మూడో బంతి ఆపగానే అమ్మ దేవుడి గదిలోకి పరుగెత్తింది." రెండు రోజుల తర్వాత ఆ టెస్టు 184 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ ఓటమి గురించి పుస్తకంలో ఏముందో వెతికాను. "టీ తర్వాత చూడలేకపోయాను" అని ఉంది, అంతే. కాని ఆ శనివారం పేజీ తిప్పినప్పుడల్లా అమ్మ పరుగు కనిపిస్తుంది.

ఓడిన రాత్రి ఈ పుస్తకం తీసి యాదృచ్ఛికంగా ఒక పేజీ తెరవండి. నిద్ర మాత్ర కంటే మేలు.

ఈ పుస్తకం క్రికెట్‌కే పరిమితం కాదు. బ్యాడ్మింటన్‌లో సింధు 2016లో రియో ఒలింపిక్స్ ఫైనల్‌లో మారిన్ చేతిలో, 2017లో గ్లాస్గోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో 110 నిమిషాలు ఆడి ఒకుహర చేతిలో మూడో గేమ్ 20-22తో ఓడిన పేజీలు నా దగ్గర తడిసి ఉన్నాయి. 2019 బాసెల్‌లో అదే ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో అదే ఒకుహరను 21-7, 21-7తో నలభై నిమిషాలు కూడా కాకుండా ముగించిన పేజీలో మూడు లైన్లు సరిపోక పక్క అంచుల్లో కూడా రాశాను.

8. గెలిచిన రాత్రి

అరవండి. వీధిలోకి వెళ్ళండి. స్వీట్లు పంచండి. కానీ జన సముద్రంలోకి పిల్లలతో వెళ్ళవద్దు. పద్దెనిమిదేళ్ళ నిరీక్షణ తర్వాత 2025 జూన్ 3న బెంగళూరు జట్టు ఐపీఎల్ కప్పు గెలిచింది. మర్నాడు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో పదకొండు మంది చనిపోయారు. సంబరానికి వెళ్ళినవాళ్ళు. గేటు దగ్గర జనం కదలకుండా బిగుసుకుపోతున్నట్టు అనిపిస్తే, ఎంత దూరం నుంచి వచ్చినా సరే, వెనక్కి తిరిగి ఇంటికి వచ్చి టీవీలో చూడండి.

బైకు సైలెన్సరు తీసి అర్ధరాత్రి తిరగడం కూడా మానేయండి. పక్కవీధిలో పసిపిల్లలుంటారు, మర్నాడు పరీక్ష ఉన్నవారుంటారు. ఓడిన జట్టు అభిమాని మీ స్నేహితుడైతే ఆ రాత్రి వాడికి సందేశం పెట్టవద్దు. మర్నాడు టీకి పిలవండి, డబ్బులు మీరే ఇవ్వండి.

9. పందెం వేయవద్దు

దీని గురించి పెద్దగా చెప్పను. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, కేంద్రం 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. చట్టం సంగతి పక్కన పెట్టినా, డబ్బు పెట్టిన క్షణం నుంచి మీరు చూస్తున్నది మీ జట్టును కాదు, మీ జేబును.

10. పిల్లలకు మొదటి ఓటమి చూపించేటప్పుడు

2025 అక్టోబరు 12, ఆదివారం. వనభోజనాల్లో చప్పట్లు కొట్టిన మా అన్నయ్య కూతురికి ఎనిమిదేళ్ళు. దాన్ని విశాఖ మధురవాడ స్టేడియానికి తీసుకెళ్ళాను, మహిళల ప్రపంచ కప్‌కు. మనవాళ్ళు 330 కొట్టారు. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి బంతి అందుకున్నప్పుడల్లా పాప కుర్చీ ఎక్కి నిలబడింది. మూడు రోజుల కిందట ఇదే మైదానంలో దక్షిణాఫ్రికా అమ్మాయి డి క్లెర్క్ 84 కొట్టి గెలుపు లాక్కుపోయింది కాబట్టి ఈసారి ఎలాగైనా మనదే అని దాని ధీమా. ఆస్ట్రేలియా హీలీ 142 కొట్టింది. ఓడిపోయాం.

బయటికి వచ్చే దారిలో నా చెయ్యి విడిచి ముందు నడిచింది. బస్సు ఎక్కాక కిటికీ వైపు తిరిగి ఏడుపు మొదలుపెట్టింది. "ఆటే కదమ్మా" అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. ఆ సమయంలో మీరు చేయవలసింది ఇదే: ఏడవనివ్వండి. చేతి రుమాలు ఇవ్వండి. ఓదార్పు కోసం వచ్చే మ్యాచ్ గెలుస్తామని మాట ఇవ్వవద్దు, ఆ మాట నిలబెట్టడం మీ చేతిలో లేదు. నిజంగానే వచ్చే మ్యాచ్‌లో ఇంగ్లండ్ చేతిలో కూడా ఓడిపోయాం. దాని బదులు మీ సొంత ఓటమి ఒకటి చెప్పండి. నేను 2003 నాటి హాస్టల్ టీవీ గది గురించి చెప్పాను.

"మరి మళ్ళీ ఎప్పుడు గెలిచాం బాబాయ్?" అంది ముక్కు తుడుచుకుంటూ.

"2011లో."

వేళ్ళు లెక్కపెట్టుకుంది. "ఎనిమిదేళ్ళా? నా వయసంతా?"

దానికి అంత కాలం ఆగవలసిన పని లేకపోయింది. నవంబరు 2న ఫైనల్, మళ్ళీ దక్షిణాఫ్రికాతోనే. వాన వల్ల ఆలస్యంగా మొదలై అర్ధరాత్రి దాకా సాగింది. సాయంత్రం నేను కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి చేతి పిడి విరిగిన నీలం కుర్చీలో పాప కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. లేవమని అడగబోయి ఊరుకున్నాను. కింద చాప పరుచుకున్నాను. చివర్లో దీప్తి శర్మ బంతికి గాలిలో లేచిన క్యాచ్‌ను హర్మన్‌ప్రీత్ వెనక్కి పరుగెత్తి పట్టింది. ఔటైంది డి క్లెర్క్. పాప కుర్చీ మీద నుంచి ఎగిరిన ఊపుకు రెండో చేతి పిడి కూడా విరిగింది.

పుస్తకంలో ఆ రాత్రి మూడు లైన్లు దానితోనే రాయించాను. అక్షరదోషాలు దిద్దలేదు. కుర్చీ ఇప్పుడు దాని గదిలో ఉంది.